తడి గుడ్డ చెప్పిన లెక్క: హైదరాబాదు మిద్దె మీద రంబుటాన్

2022 ఏప్రిల్ మూడో వారంలో మా మిద్దె మీది రంబుటాన్ మొక్క, లిచీ లాంటి పండ్లు కాసేది, చనిపోయింది. ఒక్క రోజులో పోలేదు. ముందు లేత ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగాయి. ఆ రంగు అంచుల వెంట పాకుతూ పది రోజుల్లో నడి ఈనె దాకా వచ్చింది. ఆకును వేళ్ల మధ్య నలిపితే కాల్చిన అప్పడంలా పొడి అయింది. మట్టిలో వేలు గుచ్చి చూస్తే చల్లగా, తడిగానే ఉంది. రోజూ రెండు పూటలా నీళ్లు పోశాను. మార్చి మొదట్లోనే షేడ్ నెట్ కట్టాను. వర్మీ కంపోస్టు వేశాను. అయినా దక్కలేదు.

నన్ను ఎక్కువ వేధించింది దాని జత మొక్క. 2021 వర్షాకాలంలో ఒకే చోట, ఒకే ఎత్తున్న రెండు అంటు మొక్కలు కొన్నాను. ఒకటి హైదరాబాదులో మా మిద్దె తోటకు, రెండోది అమలాపురం దగ్గర మా నాన్నగారి పెరటికి. నాన్నగారు దాన్ని కొబ్బరి చెట్ల మధ్య గుంట తీసి నాటారు. ఆ తర్వాత ప్రత్యేకంగా చేసింది ఏమీ లేదు. నా మొక్క మాడిపోయిన వారంలోనే అక్కడ అది కొత్త చిగురు వేసింది. ఫోన్‌లో ఆ మాట చెప్పి, "మీ ఊళ్లో ఎండ ఎక్కువ కదమ్మా" అన్నారు నాన్నగారు.

ఎండ ఎక్కువే. కానీ ఆ రోజు రెండు చోట్ల గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూస్తే హైదరాబాదులో 40, అక్కడ 36. నాలుగు డిగ్రీల తేడాకే ఒక మొక్క చచ్చిపోయి, ఒక మొక్క చిగురు వేస్తుందా? నాకు నమ్మబుద్ధి కాలేదు. మూడేళ్లుగా నేను రాస్తున్న వాతావరణ నోటుపుస్తకం ఆ ప్రశ్నతోనే మొదలైంది.

మన నేలకు కొత్తవైన మొక్కలు పెంచేవాళ్లం మొదట చేసే పొరపాటు, ఊరి వాతావరణాన్ని ఒక్క అంకెతో కొలవడం. నాకు మొక్క అమ్మిన నర్సరీ మనిషి "ఎక్కడైనా పెరుగుతుంది" అన్నాడు. విదేశీ విత్తనాల పొట్లాల మీద 'జోన్ 10 నుంచి 12' వంటి అంకెలు ఉంటాయి. మన హైదరాబాదు చలి ఆ వరుసలోకి వస్తుంది కాబట్టి నిశ్చింతగా కొనేస్తాం. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు చేసిన ఆ విభజన మొత్తం చలి గురించే. ఏడాదిలో అతి చల్లని రాత్రి ఉష్ణోగ్రతల సగటును బట్టి ఆ జోన్లు గీశారు. మంచు కురిసే చోట అది ప్రాణం నిలిపే అంకె. మన దగ్గర మొక్కను చంపేది జనవరి రాత్రి కాదు, ఏప్రిల్ మధ్యాహ్నం. ఆ మధ్యాహ్నం గురించి ఆ అంకె ఒక్క మాట కూడా చెప్పదు.

రంబుటాన్ పుట్టిల్లు మలయా దేశం. కౌలాలంపూర్ నెలవారీ సగటులు తీసి చూశాను. ఏడాది పొడవునా పగలు 32, 33. రాత్రి 24 దగ్గర. వాన లేని నెల లేదు. మన ఊరికి ఏడాదికి పడేది సుమారు 800 మిల్లీమీటర్లు, అందులోనూ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఆ సగటులు చూశాక మొక్కను తిట్టుకోవడం మానేశాను. తెలియక నేనే దాన్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టాను.

మొదట కొన్నది ఒక డిజిటల్ ఉష్ణమాపకం. ఉష్ణోగ్రత, గాలిలో తేమ రెండూ చూపిస్తుంది. పిట్టగోడకు మేకు కొట్టి తగిలించాను. మే నెల మధ్యాహ్నం 49 చూపించింది. అదే సమయానికి బేగంపేటలో వాతావరణ శాఖ చెప్పింది 40. మా మిద్దె ఊరికంటే తొమ్మిది డిగ్రీలు వేడి అని రెండు రోజులు అందరికీ చెప్పాను. నిజానికి నేను కొలిచింది గాలిని కాదు, గోడను. ఎండ తగిలిన పరికరం తన వేడిని తానే చూపించుకుంటుంది. అందుకే వాతావరణ కేంద్రాల్లో ఉష్ణమాపకాలను తెల్ల రంగు వేసిన, గాలి ఆడే చెక్క రేకల పెట్టెలో, నేలకు సుమారు నాలుగు అడుగుల ఎత్తున ఉంచుతారు. స్టీవెన్సన్ పెట్టె అంటారు దాన్ని. థామస్ స్టీవెన్సన్ అనే దీపస్తంభాల ఇంజనీరు రూపొందించిన పెట్టె అది.

నేను చేసుకున్నది చిన్నది. కుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్లేలు ఎనిమిది తెచ్చి, బోర్లించి, ఒకదాని మీద ఒకటి వేలెడు సందు ఉండేలా మరలున్న కడ్డీలకు బిగించాను. పైన రెండు పళ్లేలు తప్ప మిగతావాటికి నడుమ గుండ్రంగా కోశాను. ఆ ఖాళీలో పరికరం వేలాడుతుంది. ఎండ తగలదు, గాలి మాత్రం నాలుగు వైపులా ఆడుతుంది. ఒక ఆదివారం మొత్తం పట్టింది. మరుసటి రోజు మధ్యాహ్నం 41 చూపించింది. తొమ్మిది డిగ్రీల తేడా ఒక్క డిగ్రీకి దిగింది.

తర్వాత పరికరాన్నే పరీక్షించాను. ఇది చాలామంది చేయరు, తప్పక చేయాలి. ఐసు ముక్కలు మెత్తగా దంచి, గ్లాసు నిండా పోసి, కొద్దిగా నీళ్లు కలిపి ఉష్ణమాపకం బల్బు అందులో ముంచితే సున్నా చూపించాలి. నా గాజు ఉష్ణమాపకాల్లో ఒకటి సున్నా చూపించింది, రెండోది 0.8. రెండోదానికి ఆ తేడా కాగితం మీద రాసి అంటించాను. తేమ చూపించే పరికరానికి వంటింటి ఉప్పు చాలు. చిన్న గిన్నెలో ఉప్పు పోసి, ముద్దగా అయ్యేంతే నీళ్లు కలిపి, పరికరంతో పాటు మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయాలి. ఆ డబ్బాలోని గాలి తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. నా పరికరం తెల్లవారి 66 చూపించింది. తొమ్మిది శాతం తక్కువ. పొడి గాలిలో ఇంకెంత తప్పు చెబుతుందో తెలియదు. అప్పుడే దాన్ని పక్కన పెట్టి పాత పద్ధతికి వెళ్లాను.

పాత పద్ధతి అంటే పొడి బల్బు, తడి బల్బు. రెండు గాజు ఉష్ణమాపకాలు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని బల్బుకు పలుచని మల్లు గుడ్డ చుట్టి, గుడ్డ కొస నీళ్ల సీసాలో ముంచాలి. గుడ్డలోని నీరు ఆవిరవుతూ ఆ బల్బును చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువగా చల్లబడుతుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడేది ఇందువల్లే. కొత్త గుడ్డను ముందు ఉడకబెట్టి గంజి పోగొట్టాలి, లేకపోతే నీటిని పీల్చదు. సీసాలో వాన నీరో, బ్యాటరీలకు పోసే నీరో ఉండాలి. బోరు నీరు పోస్తే వారంలో గుడ్డ ఉప్పు కట్టి తప్పు చెబుతుంది. అన్నిటికంటే ముఖ్యం, చదివే ముందు దానికి గాలి విసరాలి. మా అమ్మమ్మ తాటాకు విసనకర్ర ఇంకా ఇంట్లో ఉంది. దానితో రెండు మూడు నిమిషాలు విసురుతుంటే తడి ఉష్ణమాపకం మెల్లగా దిగి ఒక చోట ఆగుతుంది. ఆగిన చోటును చదవాలి.

నాన్నగారికి కూడా అలాంటి జత ఒకటి చేసి పంపించాను. 2023 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటూ చెరో చోట విసనకర్రలు పట్టుకున్నాం.

"పొడిది 36 ఉందమ్మా. తడిది 29."

"నాన్నా, మరో నిమిషం విసరండి. ఇంకా దిగుతుందేమో."

"విసిరాను. దిగడం లేదు. నీది చెప్పు."

నాది పొడి 40, తడి 22.

నాన్నగారు కొద్దిసేపు మాట్లాడలేదు. "పద్దెనిమిది డిగ్రీల ఎడమా! అంటే గుడ్డ ఆరిపోతోందన్న మాట" అన్నారు.

అవును, గుడ్డ ఆరిపోతోంది. నా మొక్క ఆకు కూడా అలాంటి తడి గుడ్డే. అప్పటి నుంచి మా ఇద్దరి నోటుపుస్తకాల్లో ఆ వరుస పేరు 'ఎడం'. పొడి అంకెలోంచి తడి అంకె తీసివేస్తే వచ్చేది. పట్టిక తీసి లెక్కవేస్తే అక్కడి గాలిలో తేమ 60 శాతం, నా దగ్గర 20 శాతం. ఇంకొంచెం లోతుగా చూస్తే, గాలి ఇంకా ఎంత ఆవిరిని తాగగలదో చెప్పే కొలత ఒకటి ఉంది. బాష్ప పీడన లోటు అంటారు, నేను గాలి దాహం అంటాను. కోనసీమలో ఆ మధ్యాహ్నం అది 2.4 కిలోపాస్కళ్లు, మా మిద్దె మీద 5.9. ఉష్ణోగ్రతలో తేడా నాలుగు డిగ్రీలే అయినా, గాలి దాహంలో రెండున్నర రెట్లు తేడా. వేరు ఎంత తడిలో ఉన్నా, పైన ఆకు పోగొట్టుకునేంత వేగంగా అది నీరు అందించలేదు. అంచులు మొదట మాడేది అందుకే. ఈనె చివర ఉన్న ఆ అంచుకు నీరు ఆఖరున చేరుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బోరు నీటిలోని ఉప్పు వల్ల కూడా ఆకు అంచులు ఇలాగే మాడతాయి. రంబుటాన్ ఉప్పును అసలు ఓర్చుకోదు. ఏది దేనివల్లో తేల్చుకోవడానికి, 2022 జులైలో కడియం నుంచి తెప్పించుకున్న రెండు కొత్త మొక్కల్లో ఒకదానికి డ్రమ్ములో పట్టిన వాన నీరు, రెండోదానికి బోరు నీరు పోశాను. రెండో మొక్క చలికాలంలోనే, గాలి దాహం తక్కువగా ఉన్న రోజుల్లోనే, ముదురు ఆకుల కొసలు మాడ్చుకుంది. మొదటిది మార్చి దాకా పచ్చగా ఉండి, ఎడం 14 దాటిన రోజులు వరసగా మూడు నాలుగు వచ్చాకే లేత ఆకుల్లో మచ్చ చూపించింది. చలికాలంలో ముదురు ఆకు మాడితే నీరు, వేసవిలో లేత ఆకు మాడితే గాలి. ఈ ఒక్క వాక్యం తెలుసుకోవడానికి నాకు తొమ్మిది నెలలు పట్టింది. బోరు నీటి మొక్కకు కూడా వెంటనే వాన నీరు మొదలుపెట్టాను, కానీ అది తేరుకోలేదు.

మా మిద్దె కూడా అంతా ఒకటి కాదని ఆ వేసవిలోనే తెలిసింది. కేకులు ఉడికాయో లేదో చూసే పుల్ల లాంటి ఉష్ణమాపకం ఒకటి తెచ్చి, సాయంత్రం నాలుగు గంటలకు ప్రతి కుండీలోనూ నాలుగు వేళ్ల లోతుకు గుచ్చి చూశాను. పడమటి పిట్టగోడ పక్కన నల్ల గ్రో బ్యాగులో మట్టి 46 డిగ్రీలు. మెట్ల గదికి తూర్పున, పన్నెండున్నర తర్వాత నీడ పడే చోట, మట్టి కుండీలో 34. ఒకే మిద్దె, పాతిక అడుగుల దూరం. పడమటి వైపు బ్యాగులో చెయ్యి పెడితే వేడి అన్నంలో పెట్టినట్టు ఉంది. చనిపోయిన నా మొదటి మొక్క ఉన్నది అక్కడే. పొద్దున పూట చక్కటి ఎండ ఉందని ఎంచుకున్న చోటు. మధ్యాహ్నం రెండు గంటలకు అక్కడ నిలబడి చూసి ఉంటే ఆ చోటు ఎంచుకునేదాన్ని కాదు.

కాబట్టి మిద్దెను పటంగా గీశాను. ఏ నెలలో ఏ గంటకు ఏ మూల ఎండ, ఏ మూల నీడ. నీళ్ల ట్యాంకు నీడ డిసెంబరులో ఒక వైపు పడుతుంది, మేలో దాదాపు పడనే పడదు, ఎందుకంటే మేలో సూర్యుడు మన నెత్తి మీదికే వస్తాడు. గాలి ఎటు నుంచి వస్తోందో చూడటానికి నాలుగు మూలలా పాత చీర పేలికలు కట్టాను. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో అవి పడమటి నుంచి తూర్పుకు ఎగిరాయి. వడగాలి వచ్చే దారి అదే.

రంబుటాన్‌ను మెట్ల గది తూర్పు వైపుకు మార్చాను. దాని సగం డ్రమ్ము చుట్టూ మరో పెద్ద తొట్టి పెట్టి, నడుమ కొబ్బరి పొట్టు కూరి తడిపాను. చుట్టుపక్కల అరటి, చేమ కుండీలు గుంపుగా పేర్చాను. పెద్ద ఆకుల మొక్కలు తాము వదిలే ఆవిరితో ఆ కాస్త చోటును తడిగా ఉంచుతాయి. పడమటి వైపు వట్టివేళ్ల తడక కట్టి, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా గంటకోసారి తడిపాను. ఉద్యోగం ఉన్న రోజుల్లో తడక మీద సన్నని చుక్కల పైపు వేసి టైమర్ పెట్టాను. 2024 ఏప్రిల్లో, రాష్ట్రంలో కొన్ని చోట్ల 45 డిగ్రీలు దాటిన ఆ రోజుల్లో, మిద్దె బయట పొడి 41, తడి 22న్నర ఉన్నప్పుడు, ఆ గుంపు లోపల ఆకు ఎత్తున పొడి 35, తడి 22న్నర. తడి అంకె కదల్లేదు, పొడి అంకె మాత్రం దిగివచ్చింది. నీరు ఆవిరై గాలిని చల్లబరిస్తే జరగాల్సింది అదే, కానీ కళ్లతో చూస్తే ఆ ఆనందం వేరు. ఎడం 18న్నర నుంచి 12న్నరకు తగ్గింది. మొక్క ఆ వేసవిలో నాలుగే ఆకులు మాడ్చుకుంది.

ఊరి లెక్కలు పనికిరావని అనడం లేదు. వాతావరణ శాఖ బేగంపేట కేంద్రంలో చదివే అంకెలు ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో వచ్చినవి. ఈ ఏడాది నిజంగా వేడా, మామూలా అన్నది వాటితోనే తెలుస్తుంది. తెలంగాణ అంతటా మండలాల్లో, హైదరాబాదు కాలనీల్లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టించిన స్వయంచాలక కేంద్రాలు వెయ్యికి పైగా ఉన్నాయి. మా ఇంటికి దగ్గరున్న దాని అంకెలు రోజూ పక్క వరుసలో రాస్తాను. మూడు నాలుగు నెలలు రాస్తే, ఆ కేంద్రానికీ మన చోటుకూ తేడా ఎంతో తేలిపోతుంది. మా మిద్దె మీద పగలు ఒక డిగ్రీ ఎక్కువ, వేసవి రాత్రి రెండు డిగ్రీలు ఎక్కువ, ఎందుకంటే పగలంతా కాగిన స్లాబు రాత్రంతా వేడి వదులుతుంది. ఆ తేడా చేతిలో ఉంటే రేపటి సూచనను మన మిద్దెకు సరిపడా మార్చుకోవచ్చు. వాతావరణ శాఖ వాళ్ల మేఘదూత్ యాప్ రైతుల కోసం జిల్లాల వారీగా ఇచ్చే సలహాలు తెలుగులో కూడా వస్తాయి. నేను వాటిలో రాబోయే ఐదు రోజుల తేమ, గాలి వేగం చూస్తాను.

వాన సంగతి వేరు. అది తేడా లెక్కలకు లొంగదు. నిలువు గోడల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, గరాటులా బోర్లించి, అడుగున గులకరాళ్లు వేసి, వాటి మీదికి నీరు పోసి ఆ మట్టాన్ని సున్నాగా పెట్టుకుంటే వానమాపకం తయారు. ఒక మిల్లీమీటరు అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. వాతావరణ శాఖ లాగే నేనూ పొద్దున ఎనిమిదిన్నరకు చదువుతాను, అలా అయితేనే రెంటినీ పోల్చవచ్చు. 2023 అక్టోబరులో ఒక సాయంత్రం నా సీసాలో 38 మిల్లీమీటర్లు పడితే, దగ్గరి కేంద్రంలో మూడు. నాన్నగారితో అంటే నవ్వారు. "చిత్త చినుకు తన ఇష్టమున్న చోట పడుతుంది అంటారు కదమ్మా. మీ కేంద్రం వాళ్ల మీద దానికి ఇష్టం లేదు."

నాన్నగారిది కార్తెల లెక్క. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల చొప్పున ఏడాదిని ఇరవై ఏడు ముక్కలు చేసిన లెక్క. మే 25 దగ్గర రోహిణి, జూన్ 8 దగ్గర మృగశిర, జూన్ 22 దగ్గర ఆరుద్ర. మొదట నా నోటుపుస్తకంలో నెలలే ఉండేవి. ఒక ఏడాది తర్వాత పక్కన కార్తెలు కూడా రాయడం మొదలుపెట్టాను, ఎందుకంటే నెల చాలా పెద్ద ముక్క. జూన్ మొదటి వారానికీ ఆఖరి వారానికీ మధ్య నా ఎడం 15 నుంచి 5కు పడిపోతుంది. జూన్ సగటు అని రాస్తే ఆ రెండూ కనిపించవు. రెండు వారాల కార్తెలో కనిపిస్తాయి. మా తాతల కాలం రైతులు అంత సన్నగా గమనించారు కాబట్టే ఏడాదిని అంత సన్నగా కోశారు.

అయితే కార్తెను చూసి పరికరాన్ని మరిచిపోతే ఏమవుతుందో కూడా అనుభవించాను. 2023 జులై చివర తెలంగాణలో కుండపోత. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 65 సెంటీమీటర్ల దాకా పడిన వారం అది. మా మిద్దె మీద ఎడం రెండుకు దిగింది. ఇక వానాకాలమే కదా అని షేడ్ నెట్ తీసి మడిచి పెట్టాను. ఊరికి వెళ్లాల్సి వచ్చి పదిహేను రోజులు నోటుపుస్తకం ముట్టలేదు. ఆ ఆగస్టు, దేశం మొత్తం మీద చూస్తే 1901 నుంచి ఉన్న లెక్కల్లోనే అతి తక్కువ వాన పడిన ఆగస్టు. తిరిగి వచ్చేసరికి ఆకాశం నీలంగా ఉంది. ఎడం 10. అంకె వేసవంత లేదు, కానీ వానలకు మురిసి వేసిన లేత చిగురు మొత్తం నేరుగా ఎండలో ఉంది. రెండు కొమ్మల చిగురు మాడిపోయింది. మొక్క దృష్టిలో ఆగస్టు అనే పేరు లేదు. ఆ రోజు గాలి ఎలా ఉందో అదే దానికి కాలం.

చలికాలం గురించి కొంచెమే చెబుతాను. రంబుటాన్‌కు పది డిగ్రీల దగ్గర నుంచే కష్టం. మా మిద్దె మీద నేను చూసిన అతి తక్కువ 10.8. ఊరి శివార్లలో పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు బేగంపేట కంటే తరచు తక్కువ నమోదవుతుంది, అక్కడ పెంచేవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. మబ్బు లేని రాత్రి, గాలి ఆడని రాత్రి, ఆకు తన వేడిని నేరుగా ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా అయిపోతుంది. డిసెంబరు తెల్లవారు జామున టార్చి వేసి చూశాను. నెట్ బయట ఉన్న చేమ ఆకు మీద మంచు బొట్లు కట్టి జారుతున్నాయి. నెట్ కింద రెండు అడుగుల దూరంలో ఉన్న రంబుటాన్ ఆకు పొడిగా ఉంది. వేసవిలో ఎండ ఆపిన గుడ్డే చలికాలంలో ఆకాశాన్ని ఆపుతోంది. అప్పటి నుంచి నెట్ ఏడాదంతా ఉంచుతున్నాను, వానల్లో మాత్రం పక్కకు జరుపుతాను.

ఈ చలి లెక్క తెలిశాక ఇంకో పని కూడా ఆపగలిగాను. మా అక్క ఆపిల్ మొక్క పెడతానంది. హిమాచల్‌ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లాకు చెందిన హరిమన్ శర్మ తక్కువ చలి చాలే హెచ్ఆర్ఎంఎన్-99 రకాన్ని రూపొందించారు, వేడి ప్రాంతాల్లోనూ అది కాస్తుందన్న మాట నిజమే. కానీ మామూలు ఆపిల్‌కు 7 డిగ్రీలకు దిగువన వెయ్యి గంటల దాకా చలి కావాలి. నా మూడు చలికాలాల నోటుపుస్తకంలో అలాంటి గంట ఒక్కటీ లేదు. "నువ్వు ముందు ఒక చలికాలం రాత్రి అంకెలు రాయి, తర్వాత కొందువుగాని" అన్నాను. అక్క రాసింది. ఆపిల్ మానేసి, ఆ డబ్బుతో డ్రాగన్ పండు కాడలు నాటింది. పొడి గాలికి అది అంతగా చలించదు, ఇప్పుడు కాస్తోంది.

2025 ఫిబ్రవరి చివర నా రంబుటాన్ కొమ్మ చివర చిన్న పచ్చని పూగుత్తి కనిపించింది. నువ్వుగింజంత మొగ్గలు, దగ్గరికి వెళ్తే సన్నని తీపి వాసన. మార్చి అంతా భయపడుతూ గడిపాను, ఎందుకంటే పిందె నిలిచే రోజులూ ఎడం పెరిగే రోజులూ ఒకటే. పూగుత్తి చుట్టూ తడి గోనె సంచి గుడారంలా కట్టి, మధ్యాహ్నం రెండుకు లోపలి ఎడం రాసేదాన్ని. 13, 12, 14, 12. పిందెలు ముప్ఫై దాకా కట్టాయి. ఏప్రిల్ ముగిసేసరికి పదకొండు మిగిలాయి.

నా భయమంతా రోహిణి కార్తె మీదే. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, ఇక పిందెలు ఎంత? కానీ ఆ ఏడాది నైరుతి రుతుపవనాలు మే 24న కేరళను తాకాయి, 26న తెలంగాణలోకి వచ్చేశాయి. రోహిణి మొదటి రోజుల్లోనే నా సీసాలో నీళ్లు నిలిచాయి. ఎడం ఆరు. నాన్నగారికి ఫోన్ చేసి చదివాను. ఆయన అంకెలూ అంతే ఉన్నాయి. రెండేళ్లలో మొదటిసారి మా రెండు నోటుపుస్తకాల్లో ఒకే అంకె.

జులై మొదటి వారంలో ఏడు పండ్లు ఎర్రబడ్డాయి. తొక్క మీది వెంట్రుకల కొసలు నల్లబడి ఉన్నాయి, కోనసీమ చెట్టు పండ్లలా పచ్చగా లేవు. ఏప్రిల్ నాటి పొడి గాలి గుర్తు అది. లోపలి గుజ్జు మాత్రం తెల్లగా, రసంతో నిండుగా ఉంది. రెండు పండ్లు కోనసీమ వెళ్లే మా తమ్ముడితో పంపించాను. నాన్నగారు ఒకటి వలిచి తిని ఫోన్ చేశారు. రుచి సంగతి తర్వాత చెప్పారు. ముందు అడిగింది, "కోసిన పొద్దున ఎడం ఎంతమ్మా?"

"మూడు, నాన్నా" అన్నాను. ఆయన రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.